సముద్రం విడిచిపోయిన రేవు

నేటి టర్కీ దేశంలో, పడమటి కోస్తాకు చేరువగా, మిలేటస్ అనే పాడుపడ్డ పట్టణం ఉన్నది. మీరు అక్కడికి వెళితే ముందుగా కనిపించేది రాతి మెట్లతో కట్టిన పెద్ద నాటకశాల. రోమనుల కాలంలో అందులో సుమారు 15,000 మంది కూర్చునేవారు.

మిలేటస్ ఒకప్పుడు గొప్ప రేవుపట్టణం. అయితే ఇప్పుడు అక్కడ సముద్రం లేదు! మెండెరెస్ నది వందల ఏళ్ళపాటు ఒండ్రు తెచ్చి పోసి, సముద్రాన్ని కొన్ని కిలోమీటర్ల దూరం నెట్టేసింది. పడమటి దిక్కున పొలాల మధ్య ఒక గుట్ట ఉన్నది. పూర్వం అది లాడే అనే దీవి. దాని పేరు గుర్తుంచుకోండి.

ఈ ప్రాంతాన్ని అయోనియా అనేవారు. అక్కడి గ్రీకులను పారశీకులు "యౌనులు" అన్నారు. మన "యవనులు" అన్న మాట కూడా అయోనియా పేరు నుంచి వచ్చినదే.

ఆ రోజులలో సింధునది నుంచి ఈ తీరం దాకా పారశీక చక్రవర్తి డేరియస్ ఏలుబడి. ఆయన తరఫున మిలేటస్‌ను అరిస్టాగొరస్ పాలించేవాడు. అసలు పాలకుడు అతని మామ హిస్టియస్. డేరియస్ అతన్ని, గౌరవం పేరుతో, సూసా నగరంలో తన దగ్గరే ఉంచేసుకున్నాడు.

క్రీ.పూ. 499లో అరిస్టాగొరస్, నాక్సస్ దీవిని జయించి పెడతానని పారశీకులకు మాట ఇచ్చి, 200 ఓడలు వెంటబెట్టుకుని వెళ్ళాడు. నాలుగు నెలలు ముట్టడించినా నాక్సస్ లొంగలేదు. డబ్బు అయిపోయింది. ఇక తన పదవి ఊడటం ఖాయమని అతనికి భయం పట్టుకున్నది.

సరిగ్గా అప్పుడే సూసా నుంచి ఒక బానిస వచ్చి, తన తల గొరిగించమన్నాడు. గొరిగించి చూస్తే నెత్తిమీద పచ్చబొట్టు అక్షరాలు! తిరగబడమని మామ పంపిన కబురు అది. జుట్టు పెరిగేదాకా ఆగి అతన్ని పంపాడట. ఈ కథ చెప్పినవాడు హెరడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు.

హెకటియస్ అనే పండితుడు మాత్రం, డేరియస్ కింద ఉన్న జాతులన్నిటినీ లెక్క చెప్పి, తిరుగుబాటు వద్దన్నాడు. తప్పదంటే గుడి ధనంతో ముందు ఓడలు కట్టుకోమన్నాడు. ఎవరూ వినలేదు.

అరిస్టాగొరస్ కంచురేకుపై చెక్కిన ప్రపంచపటం పట్టుకుని స్పార్టా రాజు దగ్గరికి వెళ్ళాడు. సముద్రం నుంచి సూసాకు ఎన్నాళ్ళ ప్రయాణమని రాజు అడిగితే, మూడు నెలలని నిజం చెప్పేశాడు. రాజు సాయం చెయ్యనన్నాడు. అరిస్టాగొరస్ లంచం పెంచుకుంటూ పోతూంటే, అక్కడే ఉన్న రాజు కూతురు గోర్గో తండ్రిని లేచి వెళ్ళిపొమ్మన్నది. ఆ పిల్లకు ఎనిమిది తొమ్మిదేళ్ళే!

ఏథెన్సు 20 ఓడలు, ఎరెట్రియా 5 ఓడలు ఇచ్చాయి. క్రీ.పూ. 498లో గ్రీకులు సార్డిస్ నగరం మీద పడ్డారు. అక్కడి ఇళ్ళు చాలామటుకు రెల్లుతో కట్టినవి. ఒక ఇంటికి అంటుకున్న నిప్పు ఊరంతా పాకింది. పారశీకులు తరుముకువస్తే గ్రీకులు ఓడిపోయారు. ఏథెన్సువారు ఇంటిదారి పట్టారు. కొంతకాలానికి అరిస్టాగొరస్ కూడా మిలేటస్ వదిలి థ్రేసుకు పోయి, అక్కడి యుద్ధంలో చచ్చాడు.

క్రీ.పూ. 494లో లాడే దీవి దగ్గర 353 గ్రీకు ఓడలు, సుమారు 600 పారశీక ఓడలు ఎదురుపడ్డాయి. సామోస్ దీవివారి ఓడలలో 49 పోరాడకుండానే పారిపోయాయి. తక్కినవారిలోనూ చాలామంది అదే దారి పట్టారు. మిలేటస్ కూలింది. మగవారిలో చాలామంది చచ్చారు; ఆడవారూ పిల్లలూ బానిసలయ్యారు. నిప్పు రాజేసినవాడు మాత్రం ఆనాడు ఊళ్ళో లేడు.

ఈ సంగతి ఏథెన్సులో నాటకంగా ఆడితే జనం వెక్కివెక్కి ఏడ్చారు. తమవారి కష్టాన్ని గుర్తుచేసి ఏడిపించాడని, రాసిన ఫ్రినికస్‌కు 1,000 ద్రాక్మాల జరిమానా వేశారు!

క్రీ.పూ. 479లో మిలేటస్‌కు దగ్గరలోనే, మికేల్ వద్ద, గ్రీకులు పారశీకులను ఓడించారు. మిలేటస్‌ను మళ్ళీ కట్టుకున్నారు. గళ్ళపలకలాగా తిన్నగా సాగే ఆ వీధుల జాడలు ఇప్పటికీ చూడవచ్చు. నాటకశాల పైమెట్టు ఎక్కినప్పుడు పడమటికి తిరిగి లాడే గుట్టను చూడండి. ఆనాటి ఓడలు పోరాడిన చోట ఈనాడు నేల ఉన్నది.