చప్పుడు లేని సాధన

మన జిల్లాల్లో సంగీతమంటే చాటుమాటు వ్యవహారం కాదు. వేములవాడ వైపు ఒగ్గుకథ చెబితే డోలు మోత ఊరు దాటి పోవాలి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళికి గుస్సాడి ఆడితే పక్క గూడెం దాకా వినబడాలి. పదిమంది వినకపోతే అది వాయించినట్టే కాదని మన పెద్దల లెక్క. అటువంటి గడ్డమీద పుట్టి, పక్కన కూర్చున్నవారికి కూడా వినబడకుండా పియానో సాధన చేస్తున్నవాణ్ణి నేను. మిత్రులు నవ్వవచ్చు. నవ్విన తరువాత ఈ హెడ్‌ఫోను ముచ్చట కాస్త వినాలని మనవి.

మాది సిరిసిల్ల. 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు తానే ఒక జిల్లా కేంద్రం. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. మా బాపు సాంచాలు నడుపుతాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, షిఫ్టుకు 12 గంటలు. మా ఇల్లు రెండర్రలు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బులతో ఎవరో వాడి వదిలేసిన డిజిటల్ పియానో ఒకటి హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నాను. హార్మోనియానికి నోరు మూయించడం కుదరదు. దీనికి కుదురుతుంది. లోపల తీగలుండవు. అసలు పియానో స్వరాలను నింపిపెట్టిన యంత్రమిది. హెడ్‌ఫోను పిన్ను గుచ్చితే స్పీకర్లు నోరు మూసుకుంటాయి.

"మీ బాపుకు సరిగ్గ వినబడదు గదా, ఇంక హెడ్‌ఫోను ఎందుకుర?" అని ఒక స్నేహితుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ మోతలో పనిచేసినవారికి మొదట పోయేది సన్నని శబ్దాలు. బొంగురు శబ్దాలు చాలాకాలం మిగిలే ఉంటాయి. ఎడమచేతి వైపు మెట్లు నొక్కితే నిద్రలో ఉన్న బాపు ఉలిక్కిపడి లేస్తాడు. పైగా అదే గదిలో చెల్లె ఇంటర్ చదువు.

హెడ్‌ఫోన్లు ప్రధానంగా రెండు రకాలు. ఓపెన్ బ్యాక్ వాటికి చిప్పల వెనుక జాలీ ఉంటుంది. గాలి ఆడుతుంది, స్వరం పెద్ద హాల్లో కూర్చుని విన్నట్టు విశాలంగా వస్తుంది. అయితే లోపలి పాట బయటికి పోతుంది, బయటి గోల లోపలికి వస్తుంది. క్లోజ్డ్ బ్యాక్ వాటికి వెనుక మూత. స్వరం కొంచెం ఇరుకుగా అనిపించినా ఇంట్లోవాళ్ళ నిద్ర చెడదు. మా గోడ అవతల కూడా సాంచాలే. ఆ మోత చెవిలో పడుతుంటే మనకు తెలియకుండానే సౌండు పెంచేస్తాం. అందుకని మూత ఉన్నవే తీసుకున్నాను.

వైరు లేని బ్లూటూత్‌వి చూడడానికి ముచ్చటగా ఉన్నా సాధనకు పనికిరావు. మెట్టు నొక్కిన కాసేపటికి గాని స్వరం చెవికి చేరదు, వేళ్ళు తాళం తప్పుతాయి. వైరు ఉన్నదాని మీద ఓముల అంకె చూడాలి. 32 నుంచి 80 లోపు ఉంటే పియానో దాన్ని సులువుగా మోగిస్తుంది. 250 ఉన్నవి స్టూడియోల వాళ్ళకు. చాలా పియానోలకు 6.35 మిల్లీమీటర్ల లావు పిన్ను కావాలి. 3.5 సన్నపిన్ను ఉంటే ఒక చిన్న తొడుగు కొంటే సరి. మన ఎండాకాలంలో రెక్జిను చిప్పల కింద చెవులు ఉడికిపోతాయి, బట్ట చిప్పలు కాస్త నయం. ఇంకొక మాట. హెడ్‌ఫోను పెట్టినా మెట్ల టకటక నేలగుండా పోతుంది. పియానో కాళ్ళ కింద మడత పెట్టిన జంపఖానా వేశాను.

ఇంతవరకు బేరం సంగతి. అసలు సంగతి చెవిది. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపు, వినదగిన వేళ సగం. 83కు 20 గంటలు, 86కు 10, 89కు 5. ఈ లెక్క కాగితం మీద వేసుకుంటూ పోతే 92 దగ్గర వారానికి రెండున్నర గంటలే మిగిలింది. నా పెన్సిలు ఆగిపోయింది. షటిల్ సాంచాల షెడ్డులో మోత 90 దాటడం మామూలు. బాపు ఒక్క షిఫ్టే 12 గంటలు!

ఆ ఆదివారం బాపును కూర్చోబెట్టి హెడ్‌ఫోను పెట్టాను. ఎడమ నుంచి కుడికి 88 మెట్లూ ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను. సగం దాకా తల ఊపాడు. చివరి మెట్లకు వచ్చేసరికి, "ఇవి మోగుతలేవు బిడ్డా, ఖరాబైనయా?" అన్నాడు. చిట్టచివరి మెట్టు సెకనుకు సుమారు 4186 కంపనాలు పలుకుతుంది. మోత దెబ్బ చెవికి మొదట తగిలేది సరిగ్గా ఆ 4000 చుట్టుపక్కలే. ఒక్కో చెవిలో పుట్టుకతో వచ్చేవి సుమారు 15 వేల రోమకణాలు. పోయినవి మళ్ళీ మొలవవు. మెట్లు బాగానే ఉన్నాయని బాపుతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెల్లె చెప్పింది.

మరునాడు కరీంనగర్‌లో చెవుల్లో పెట్టుకునే నురగ బిరడాలు కొన్నాను. బాపు తీసుకోలేదు. "పోగు తెగిందీ, నాడె సరిగ్గ ఉరుకుతలేదూ, అంత చప్పుడుతోనే తెలుస్తది. చెవులు మూసుకుంటె సాంచ ఎట్ల నడుస్తది?" అన్నాడు. అదీ నిజమే! చేతిపని తెలిసినవాడికి చెవి కూడా ఒక పనిముట్టే. బిరడా శబ్దాన్ని పూర్తిగా మూయదని, తగ్గిస్తుందంతేనని నచ్చజెప్పడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు రాత్రి షిఫ్టుల్లో పెట్టుకుంటున్నాడు. పగలు పెట్టుకుంటే నలుగురు నవ్వుతారట.

నా మట్టుకు నేను, గోడ అవతలి సాంచాలు ఆగిన ఒక కరెంటు కోతనాడు ఇన్వర్టరు మీద పియానో నడిపి, ఆ నిశ్శబ్దంలో చెవికి హాయిగా ఉన్నచోట సౌండు బిర్ర పక్కన సుద్దతో గీత పెట్టాను. సాంచాలు ఎంత మోగినా ఆ గీత దాటను. అరగంటకోసారి చెవులకు గాలి తగలనిస్తాను. హెడ్‌ఫోను కొనే మిత్రులు ధర, కంపెనీ, రంగు అన్నీ చూడండి, తప్పులేదు. కాని ఇంటికి తెచ్చిన రోజే ఆ గీత గీసుకోండి.