మెడ వంగనప్పుడు సజ్దా

సర్వశక్తుడైన అల్లాహ్ మానవుని మెడలో 7 ఎముకలను పేర్చాడు. రెండవ ఎముక మొదలుకొని కిందివరకు వాటి నడుమ మెత్తని డిస్కులను అమర్చాడు. రుకూలో, సజ్దాలో సులువుగా వంగినంతకాలం ఆ అనుగ్రహం విలువ మనకు తట్టదు.

వంగి పనిచేసేవారికి మెడనొప్పి కొత్త కాదు. ఆళ్లగడ్డలో రాతిని చెక్కే శిల్పులు, నంద్యాల మదర్సాలో రెహల్ ముందు గంటల తరబడి తలవంచే మావంటి ఉస్తాదులు దానిని ఎరుగుదురు. నా ఎడమచేయి తిమ్మిరెక్కినప్పుడు, అరిగిన డిస్కు నరాన్ని నొక్కుతోందని వైద్యులు తేల్చారు.

చాలామందికి మందులు, వ్యాయామంతోనే ఉపశమనం కలుగుతుంది. చేతిపట్టు సడలినా, నడక తూలినా మాత్రం జాప్యం తగదు. అది వెన్నుపాము నలుగుతోందనడానికి సూచన కావచ్చు. శస్త్రచికిత్సలో అరిగిన డిస్కును మెడ ముందువైపు నుంచి తీసివేస్తారు. ఆపై ఎముకలను కలిపివేస్తే అక్కడ కదలిక ఆగిపోతుంది. కృత్రిమ డిస్కును అమరిస్తే కదలిక నిలుస్తుంది. అమెరికాలో మెడకు ఇటువంటి డిస్కును 2007లో అనుమతించారు. అయితే ఎముకలు గుల్లబారినవారికి అది తగదు.

తవక్కుల్ ఉన్నవాడికి ఆపరేషన్ ఎందుకని కొందరు అడుగుతారు. వైద్యం చేయించుకోమని బోధించినవారు సాక్షాత్తూ దైవప్రవక్త (స) కదా! నిలబడలేనివారు కూర్చుని, అదీ సాధ్యపడకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చని ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు తెలిపినవారూ ఆయనే.

నాకు ఏ మార్గం తగినదో వైద్యులు ఇంకా పరిశీలిస్తున్నారు. అంతవరకు కుర్చీలో కూర్చుని సైగతోనే సజ్దా చేస్తున్నాను. నుదురు నేలను తాకకపోయినా హృదయం వంగితే నా ప్రభువు స్వీకరిస్తాడని నా విశ్వాసం.