హార్సిలీ కొండపై రెండు రాత్రులు

గత మార్గశిరమున మేము మదనపల్లె మీదుగా హార్సిలీ కొండకు పోయితిమి. ఏనుగు మల్లమ్మ కొండ యని దీని పూర్వనామము. 4,000 అడుగులకు మించిన యెత్తు. చలి మెండు, ఆకాశము నిర్మలము. గురుగ్రహమును చూడవలెనని మా తల్లిగారి చిరకాలవాంఛ. అందులకై మా వదినగారు తమ దూరదర్శినిని వెంట తెచ్చిరి.

భూమి 23 గంటల 56 నిమిషములలో తన చుట్టు తాను తిరుగుటచే గ్రహములు పడమటికి జరుగుచున్నట్లు కనబడును. ధ్రువనక్షత్రము వైపునకు వంచిన పీఠపు ఇరుసును అదే వేగమున త్రిప్పుటకు ఒక మోటారు గలదు. అందలి పండ్లచక్రము అరిగి, ఆ రాత్రి అది నిలిచిపోయెను. అమ్మగారు కర్ర ఊతగా వంగి కన్ను ఆనించులోపల గురుడు తప్పుకొనెడివాడు. మూడుమారులు యత్నించి, "నాకింతే ప్రాప్తము" అని కూర్చుండిరి.

వదినగారు ముందే అనుమానించి క్రొత్త మోటారును తెచ్చియుండిరి. మరునాడు దానిని తామే అమర్చిరి. పండ్లు మరీ బిగిసిన తిరుగవు, వదులైన జారును. కావున నడుమ కాగితపు ముక్క నుంచి, ఎడము సరిచూచి మరలు బిగించిరి. రాత్రి నడపగా గ్రహము మునుపటికంటె త్వరగా పరుగెత్తెను! మోటారు ఎదురుదిక్కునకు తిరుగుచున్నదని గ్రహించి మీట మార్చిరి. గురుడు కదలక నిలిచెను.

"అత్తయ్యగారూ, తొందర లేదు, నెమ్మదిగా రండి" అనిరి.

అమ్మగారు చాలసేపు చూచి, "ప్రక్కన నాలుగు చుక్కలమ్మా!" అనిరి. అవి 1610లో గెలీలియో కనుగొన్న ఉపగ్రహములు. పెద్దలకు ఏదేని చూపదలచినచో, వారికి చాలినంత వ్యవధి నిచ్చుటయే ముఖ్యమని మేము నేర్చికొంటిమి.