గాలి లెక్క

తెలుగులో గాలికి మర్యాద తక్కువ. పనికిరాని మాటలు గాలి కబుర్లు. పనిలేని తిరుగుడు గాలి తిరుగుడు. పట్టించుకోవడం మానేసినదాన్ని గాలికి వదిలేశామంటాం. అటువంటి గాలినే నమ్ముకుని నేను ముప్ఫై ఏళ్ళుగా సంసారం ఈదుకొస్తున్నాను. ఆస్పత్రులకూ, ప్రయోగశాలలకూ గాలీ, చల్లదనమూ, కరెంటూ అమర్చే ఇంజనీరుని. బంధువులలో చాలామంది నన్ను ఏసీలు బిగించేవాణ్ణనుకుంటారు. పెళ్ళిళ్ళలో కనబడితే, "ఏమోయ్, మా ఏసీ నీళ్ళు కారుతోంది, ఓసారి చూసిపోరాదూ?" అంటారు. నేనూ చూసే వస్తాను.

కాని ఇంట్లో గాలి వేరు, ఆస్పత్రిలో గాలి వేరు. ఇంట్లో చల్లగా ఉంటే చాలు. ఆస్పత్రిలో గాలికి ఒక దారి ఉండాలి. ఆపరేషను థియేటరులో వడపోసిన గాలి గంటకు కనీసం 20 మార్లు గదినిండా మారాలి. అందులో 4 మార్లకు సరిపడా బయటి కొత్తగాలి ఉండాలి. పైగా గదిలో ఒత్తిడి వరండాలో కంటె ఓ పిసరు ఎక్కువుండాలి. తలుపు తీస్తే లోపలి గాలి బయటికి తోసుకురావాలి గాని, బయటి దుమ్ము లోపలికి పోరాదు. ఆ పిసరు ఎంతనుకున్నారు? పావు మిల్లీమీటరు నీటి ఎత్తంత! క్షయరోగిని విడిగా ఉంచే గదిలో ఇదంతా తలకిందులు. అక్కడ గాలి లోపలికే పోవాలి, వరండాలోకి రాకూడదు.

కొన్నేళ్ళ క్రితం కోస్తా జిల్లాలో ఒక ధర్మాసుపత్రి కమిటీవారు నన్ను పిలిపించారు. కరెంటు బిల్లు మోయలేకుండా ఉన్నారు. కోశాధికారిగారు బిల్లుల కట్ట నా ముందు పెట్టి, "రాత్రి ఎనిమిది దాటితే థియేటరు ఖాళీ. మరి ఆ యంత్రం ఎవరికోసం తిరుగుతున్నట్టండీ? ఆపించెయ్యండి. ఆ డబ్బుతో పదిమందికి మందులిస్తాం" అన్నారు.

ఆయన మాటలో అన్యాయమేమీ లేదు. మిగిలిన రూపాయి పేదవాడికే పోతుంది.

"కాన్పులు గడియారం చూసుకుని రావు గదండీ!" అన్నారు డాక్టరమ్మగారు.

ఆవిడ మాటా నిజమే. యంత్రం ఆగిన మరుక్షణం ఆ పావు మిల్లీమీటరు కాస్తా పోతుంది. వరండా దుమ్ము లోపల చేరుతుంది. సముద్రపు తేమ గోడలకు పడుతుంది. తేమ ఉన్నచోట బూజు తప్పదు. అర్ధరాత్రి కడుపు కోయవలసి వచ్చిన తల్లిని పడుకోబెట్టేది ఆ గదిలోనే.

ఇద్దరి మాటా నిలబెట్టే ఉపాయం ఒకటుంది. ఫాను వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది. మరి కరెంటు? సగం కాదు, లెక్క ప్రకారం ఎనిమిదో వంతు! ఆచరణలో మోటారు నష్టాలూ అవీ కలిసి అంతకంటె కొంచెం ఎక్కువే అవుతుందనుకోండి. అయినా లాభమే లాభం. మోటారుకు వేగం మార్చే సాధనం బిగించి, రాత్రిళ్ళు సగం వేగంతో తిప్పాం. లోపలి ఒత్తిడి మాత్రం చెక్కుచెదరకుండా చూశాం. అత్యవసరమైన కేసు వస్తే నర్సు ఒక మీట నొక్కాలి. రోగిని సిద్ధం చేసే పావుగంటలో గది ఐదుమార్లు మారేంత గాలి వచ్చేస్తుంది.

అక్కడే ఇంకో విచిత్రం కనబడింది. గాలిలో తేమ తీయాలంటే దాన్ని దాదాపు 12, 13 డిగ్రీలదాకా చల్లబరచాలి. అప్పుడుగాని నీరు కారిపోదు. అంత చలిగాలి రోగికి పనికిరాదు గనక మళ్ళీ కరెంటు హీటర్లతో వెచ్చబెడుతున్నారు. అదే సమయంలో చల్లబరిచే యంత్రం తాను లాగిన వేడినంతా మేడమీద ఆకాశానికి ధారపోస్తోంది! ఆ వేడిలో కొంత గొట్టాలద్వారా కిందికి తెప్పించాం. హీటర్లకు చాలావరకు సెలవు దొరికింది.

ప్రయోగశాలలదీ ఇదే గొడవ. విషవాయువులు పీల్చే అద్దాల అలమరా ఉంటుంది. ఫ్యూమ్ హుడ్ అంటారు. అమెరికాలో లెక్కవేసినవారు, అటువంటిది ఒక్కటి ఏడాదికి సుమారు మూడిళ్ళ ఖర్చంత తింటుందన్నారు. కొత్తరకం వాటిలో అద్దం తలుపు కిందికి దించితే గాలి దానంతటదే తగ్గుతుంది. ఆ దించడం అలవాటు చేయడానికి హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారు ప్రయోగశాలల మధ్య పోటీలే పెట్టారు.

అసలు అన్నిచోట్లా యంత్రమే కావాలనీ లేదు. పెరూ దేశంలో లిమా నగరపు ఆస్పత్రులలో గాలి కొలిచి 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. 1950కి ముందు కట్టిన గదుల్లో, ఎత్తైన కప్పులూ పెద్ద కిటికీలూ ఉన్నచోట, కిటికీలు తెరిస్తే గాలి గంటకు 40 మార్లు మారింది. కొత్త కట్టడాల్లో 17 మార్లు. యంత్రాలు పెట్టిన గదులకు 12 మార్లే! థియేటరుకు ఈ పద్ధతి పనికిరాదు. కాని దగ్గేవాళ్ళంతా కూర్చునే హాలుకు ఇంతకు మించిన మందు లేదు. మా ధర్మాసుపత్రిలో ఓపీ హాలు కిటికీలకు కొట్టిన చెక్కలు ఊడబీకించి, దోమల జాలీలు వేయించాం.

బిల్లు తగ్గింది. కోశాధికారిగారు అంతటితో ఊరుకోక, రాత్రి వేగం ఇంకా తగ్గించమన్నారు. నేను ఆయన్ను థియేటరు తలుపు దగ్గరికి తీసుకువెళ్ళి, గోడమీది చిన్న ఒత్తిడి మీటరు చూపించాను. రాత్రి డ్యూటీ సిస్టరు గంటగంటకూ దాని అంకె చూసి రిజిస్టరులో రాస్తుంది.

"ఈ ముల్లు కింది గీతకు దిగనంతవరకు ఎంత తగ్గించినా నాకు అభ్యంతరం లేదండి. దిగిందంటే మాత్రం మీరు మిగిల్చేది కరెంటు కాదు" అన్నాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని, రిజిస్టరు పేజీలు నాలుగు వెనక్కి తిప్పి చూశారు. తరవాత వేగం మాట ఎత్తలేదు.