నల్లి బొక్క ఎవరికి?

"ఏం కూర?" అని అడిగితే పప్పు అన్నారనుకోండి, ముచ్చట అక్కడితో సరి. అదే "యాటకూర" అంటే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "ఎవరొచ్చిన్రు?" తెలంగాణ పల్లెలో యాటకూర ఉత్తపుణ్యానికి ఉడకదు మరి. చుట్టమో, పండగో, మొక్కో ఉండాలి.

2023లో వచ్చిన 'బలగం' సినిమా చూసే ఉంటారు. అందులో బావాబామ్మర్దులు ఏళ్ల తరబడి మొహాలు చూసుకోకపోవడానికి కారణం నల్లి బొక్క. ఎముక కోసం ఇంత పంతమా అనకండి. మూలుగ రుచి ఎవరికి గుర్తుంటుంది? విస్తట్లో పడలేదన్నది మాత్రం చచ్చేదాకా గుర్తుంటుంది.

పండగపూట నలుగురు కలిసి యాటను కోయించి పోగులు వేస్తారు చూడండి, అక్కడ ఇంత పట్టింపు లేదు. ప్రతి పోగులోనూ ఇంత మెత్తటి కూర, ఇంత కార్జం, ఇంత బోటి, రెండు బొక్కలు పడాల్సిందే. వాకిట్లో అంతా సమానమే. అదే కూర పొయ్యి మీంచి దిగేసరికి వరసలు లేస్తాయి. కార్జం పిల్లలకు, నల్లి అల్లుడికి, వండినామెకు అడుగున మిగిలిన పులుసు. ఆమె అలిగిందని ఎవరూ చెప్పగా వినలేదు. అలగాల్సింది ఆమే.

తినని రోజులకూ ఇంతే పట్టుదల. 2014 నాటి కేంద్ర సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. శనివారం వద్దనేదీ, శ్రావణం వద్దనేదీ, కార్తీకంలో గుడ్డు కూడా ముట్టనిదీ వీళ్లలోనే బోలెడుమంది. 2025లో దసరా సరిగ్గా అక్టోబర్ 2నే పడింది. గాంధీ జయంతికి హైదరాబాద్‌లో మాంసం దుకాణాలు మూత. ముక్క లేని దసరా మాకు దసరానే కాదు. ఇంకేం, ముందురోజే కొని ఫ్రిజ్‌లో పెట్టుకున్నాం. మహాత్ముడి మాట దక్కింది, మా పండగా దక్కింది.

ఇప్పుడు దావతులన్నీ ఫంక్షన్ హాళ్లలోకి మారాయి. బగారన్నం పక్కన గరిటె పట్టుకున్న కేటరింగ్ పిల్లగాడికి బావ ఎవరో, బాటసారి ఎవరో తెలీదు. ఇక అలకల బాధ తప్పిందనుకుంటున్నారా? ఈసారి ఆ వరసలో నిలబడినప్పుడు కాస్త చెవి పెట్టండి. ఇంటాయన గబగబా వచ్చి ఆ పిల్లగాడి చెవిలో చెబుతుంటాడు: "తమ్మీ, ఈయన మా పెద్దబావ. అడుగుదాకా కలిపి, మంచిగ చూసి ఎయ్యి."