తాళము తప్పినదెవరు?

మెదకు జిల్లాలోని మా శంకరంపేటలో బతుకమ్మ పండుగనాటి సాయంకాలమున చెరువుగట్టుపై నిలిచి చెవియొగ్గి వినువారికి ఒక వింత తెలియును. ఒకచోట ఒక వాడ స్త్రీలు బతుకమ్మలను నడుమ నుంచి, వలయముగా తిరుగుచు, చప్పట్లు చరచుచు పాడుచుందురు. కొంతదూరమున మఱియొక వాడ స్త్రీలును అట్లే పాడుచుందురు. రెండు వలయముల నడకయు ఇంచుమించుగా ఒక్కటియే. కాని సరిగా ఒక్కటి కాదు. అందుచే ఆ చప్పట్లు కొంతసేపు ఒక్క చప్పుడుగా వినవచ్చును. పిమ్మట ఒకటి రెండవదాని వెంట నీడవలె నడచును. మఱికొంతసేపటికి ఒకదాని సందున నొకటి పడి చప్పట్లు రెట్టింపైనట్లు తోచును. తుదకు రెండును మరల ఏకమగును. చిన్ననాటినుండి ఈ వింతను వినుచునే యున్నను, దాని విలువ తెలియుటకు నాకు అరువది యేండ్లు పట్టినది. తెలియకముందు నేనొక తప్పు చేసితిని. దానినే మీకు చెప్పదలచితిని.

అది 1996 నాటి మాట. అప్పుడు నేనొక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడను. వార్షికోత్సవమునకై పదునారుగురు బాలురకు కోలాటము నేర్పుచుంటిని. ఆట సాగినకొలది ఒక బాలుని కోలలు మాత్రము అందఱి కోలల తరువాత పలుకుచుండెను. మూడు దినములు మందలించితిని. నాల్గవ దినమున సహనము నశించి, “నీకు తాళజ్ఞానము లేదు, ప్రక్కకు తొలగుము” అంటిని. వాడు తలవంచుకొని, “సార్, నేను మొదటి లెక్కలనే ఉన్న. వాండ్లే ఉరుకుతున్నరు” అనెను. ఎదురు చెప్పినాడని నా కోపము హెచ్చినది. వాని చేతిలోని కోలలను తీసికొని వేఱొకని కిచ్చితిని. ఉత్సవము చక్కగా జరిగినది. నేనా మాట మఱచితిని.

పదవీ విరమణానంతరము ఒకనాడు మా అమ్మాయి నాకొక పాశ్చాత్య సంగీతమును వినిపించినది. అందు రెండు పియానోలు ఒకే చిన్న స్వరక్రమమును మరల మరల వాయించుచుండెను. కొంతసేపటికి ఒకటి తొలగిపోవుట నేను పసిగట్టి, “వీరిలో ఒకడు తాళము తప్పుచున్నాడమ్మా” అంటిని. “తప్పుట లేదు నాన్నా, కావలెననియే అట్లు వాయించుచున్నారు” అని ఆమె నవ్వినది.

ఆ రచన పేరు ‘పియానో ఫేజ్’. 1936లో జన్మించిన స్టీవ్ రైష్ అను అమెరికను స్వరకర్త 1967లో దీనిని కూర్చెను. ఈ పద్ధతి ఆయనకు తటస్థించిన తీరు కూడ విచిత్రమైనదే. 1964లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఒక వీథి బోధకుడు జలప్రళయమును గూర్చి ప్రసంగించుచుండగా రైష్ దానిని టేపుపై నెక్కించెను. 1965లో అందలి కొన్ని పలుకులను రెండు టేపు చుట్టలుగా జేసి, రెండు యంత్రములపై నొక్కమాఱే త్రిప్పెను. యంత్రముల వేగములలో రవ్వంత భేదముండుటచే ఒక కంఠము మెల్లమెల్లగా రెండవదానినుండి జరిగిపోయెను. మఱియొకడైనచో యంత్రము చెడినదని ఆపివేసెడివాడు. రైష్ ఆపక విని, అందు ఒక సంగీత విధానమునే కనుగొనెను.

‘పియానో ఫేజ్’ మొదటి భాగమున 12 స్వరముల క్రమ మొకటి యున్నది. ఒక వాద్యకారుడు దానిని ఎంతమాత్రము చలింపక వాయించుచుండును. రెండవవాడు క్రమముగా వేగము పెంచి ఒక్క స్వరము ముందునకు బోయి, అచట కొంతసేపు నిలుచును; మరల కదలును. అట్లు 12 మాఱులు జరిగినపిమ్మట ఇరువురును మొదటివలెనే కలిసికొందురు. ఈ నడుమ, ఇరువురిలో నెవ్వడును విడిగా వాయింపని క్రొత్త రాగపు తునకలు శ్రోతకు వినవచ్చును.

ఇట్టి చమత్కారమునకు దగ్గఱివి మన సంగీతమునను కలవు. ఆదితాళమున 8 అక్షరములు. మృదంగ విద్వాంసుడు 5 అక్షరముల జతిని విడువక వాయించినచో, ప్రతి ఆవృత్తమునను అది వేఱొకచోట పడుచు, 40 అక్షరములకు, అనగా ఐదు ఆవృత్తములు నిండినపిమ్మట, మరల సమమునకు వచ్చి చేరును. అయితే మృదంగమున కొలతలు రెండు. రైష్ పద్ధతిలో కొలత యొక్కటియే, అది తనకు తానే దూరమై మరల తన్ను చేరుకొనును.

బాలబాలికలారా! రైష్ 1972లో రెండు జతల చేతులకు మాత్రమే ‘క్లాపింగ్ మ్యూజిక్’ అను రచన చేసెను. అందు 12 మాత్రల చప్పట్ల వరుస కలదు. ఒకడు దానిని మార్చడు. రెండవవాడు దానిని కొన్నిసార్లు చరచి, ఒక్కొక్క మాత్ర చొప్పున జరుపుకొనుచు పోవును. ఈ పద్ధతిని మా అమ్మాయితో కూడి నేనును ప్రయత్నించితిని. జరుగుటయే కష్టమనుకొంటిని, కాని కదలక నిలుచుట అంతకంటె కష్టము. ప్రక్కవారి చప్పుడు మన చేతులను తనవైపు లాగుచుండును. లోపల లెక్క దృఢముగా నున్నవాడే నిలువగలడు. మూడవ వరుసలోనే నా చేతులు తడబడినవి. అప్పుడే ఆ బాలుని మాట నాకు జ్ఞప్తికి వచ్చినది. పదునైదుగురు ఉత్సాహముతో పరుగిడుచుండగా వాడొక్కడు నేను నేర్పిన నడకను విడువక నిలిచినాడేమో! నేను ఎక్కువమంది యెటున్నారో చూచితినేగాని లెక్క చూడలేదు.

గత బతుకమ్మనాడు చెరువుగట్టున అతడు కనబడెను. ఇప్పుడతడు ఇద్దఱు బిడ్డల తండ్రి. “ఆనాడు తప్పు నాదే కావచ్చును నాయనా” అంటిని. అతడు కొంతసేపు మాటాడలేదు. “యాదికున్నది సార్. అటెన్క నేను కోలలు పట్టలే” అనెను. నాకు బదులు తోచలేదు. దూరమున రెండు వలయముల చప్పట్లు ఒకదానినుండి ఒకటి విడిపోవుచుండెను. అవి మరల కలియువఱకు ఇద్దఱమును అచటనే నిలిచి వింటిమి.