కొండల నీడలో పంటి పోటు

ఉసూర్‌లో చీకటి పడ్డాక దంత వైద్యం కావాలంటే ముందు దూరాన్ని లెక్కపెట్టుకోవాలి

బీజాపూర్ నుంచి ఆవపల్లి మీదుగా ఉసూర్‌కు సుమారు 50 కిలోమీటర్లు. ఛత్తీస్‌గఢ్ అన్న మాటే గానీ, పల్లి, గూడ అని ముగిసే ఊళ్ల పేర్లు చూస్తే భద్రాచలం ఏజెన్సీలో తిరుగుతున్నట్టే ఉంటుంది. గోండీ, దోర్లీ మాటల మధ్య తెలుగూ చెవిన పడుతుంది. నంబి, నీలం సరాయ్ జలపాతాలు ఇటువైపే. తెలంగాణ సరిహద్దు పొడవునా కర్రెగుట్టలు. 2025 ఏప్రిల్ 21 నుంచి 21 రోజుల పాటు భద్రతా దళాలు అక్కడ జరిపిన ఆపరేషన్‌తో ఆ గుట్టల పేరు దేశమంతా మోగింది.

అలాంటి వార్తల చాటున మామూలు కష్టాలు ఎవరికీ కనిపించవు. రాత్రి పదింటికి పుప్పి పన్ను పోటెత్తిందనుకోండి. ఇంట్లో లవంగం ఉంటే నమిలి పంటి కింద పెట్టుకుంటారు. అందులోని యూజినాల్ కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, చీమును మాత్రం తీయలేదు. కొందరు గుడాఖు రాసుకుంటారు. పొగాకు కలిసిన ఆ ముద్దతో పళ్లు తోముకునే అలవాటు ఛత్తీస్‌గఢ్‌లో పాతదే. ఉపశమనం క్షణికం, నోటి క్యాన్సర్ ముప్పు మాత్రం మిగులుతుంది.

ఇక వైద్యుడి సంగతి. సామాజిక ఆరోగ్య కేంద్రంలో దంత వైద్యుడు ఉండాలని 2012 నాటి కేంద్ర ప్రమాణాలే చెప్పాయి. అయితే పంటి వైద్యం దాదాపు ఎక్కడైనా పగటి ఓపీ వ్యవహారమే. రాత్రి కదలాలంటే జిల్లా ఆస్పత్రి ఉన్న బీజాపూర్ పోవాలి. అక్కడా కుదరకపోతే వైద్య కళాశాల ఉన్న జగదల్‌పూర్ మరో 160 కిలోమీటర్ల పైమాటే. భద్రాచలం గుట్టల అవతలే ఉన్నా, వాహనం గుట్టల్ని చుట్టి వెళ్లాల్సిందే. వరంగల్ అయితే వాజేడు దాటాక ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటాలి.

అందుకే ఏది తెల్లారేదాకా ఆగుతుంది, ఏది ఆగదు అన్నది ఇక్కడ ప్రాణావసరమైన చదువు. వాపు లేని నొప్పి మాత్రతో తెల్లారేదాకా ఆగుతుంది. ఆ మాత్రను మింగాలే తప్ప చిగురు మీద పెట్టకూడదు, పుండు పడుతుంది. వాపు దవడ కిందికి, మెడకు పాకినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం, ఊపిరి కష్టమైనా ఒక్క గంట కూడా ఆగరాదు. నాలుక అడుగున చేరిన చీము శ్వాసనాళాన్ని మూసేస్తుంది. అప్పుడు వెతకాల్సింది దంత వైద్యుణ్ని కాదు, 108ని, ఆక్సిజన్ ఉన్న దగ్గరి ఆస్పత్రిని. దెబ్బ తగిలి ఊడిన శాశ్వత పన్నును వేరు ముట్టకుండా పట్టుకుని, మట్టి అంటితే కడిగి, వెంటనే అదే గుంటలో పెట్టాలి. కుదరకపోతే పాలలో వేసి తీసుకెళ్లాలి. గంట దాటితే ఆశ సన్నగిల్లుతుంది. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు.

ఈ నాలుగు ముక్కలూ చెప్పగలిగేది ఊళ్లోని మితానిన్. దేశానికి 2005లో ఆశా కార్యకర్త వచ్చింది. ఛత్తీస్‌గఢ్ అంతకు మూడేళ్ల ముందే మితానిన్‌లను నిలబెట్టింది. 2019లో మొదలైన హాట్ బజార్ క్లినిక్ పథకం వైద్యాన్ని వారపు సంతకు తెచ్చింది. ఆ సంతలోనే పుప్పి పళ్లను పగటిపూట చూసి తీసేస్తే, ఉసూర్‌లో చాలామందికి రాత్రి ప్రయాణమే తప్పుతుంది.